గంట కట్టిన గూఢచారి

"నీకు సెలవు ఇస్తున్నాను," అన్నాడు చీఫ్ పెట్రోపులోస్.

సీఫిస్ కూరిదాకిస్ ఆ మాట నమ్మలేదు. ఏథెన్స్‌లోని గూఢచారి సర్వీసు ఆఫీసులో పట్టపగలే కిటికీలు మూసి ఉన్నాయి. చీఫ్ తన ఫోను తీసి సొరుగులో పడేశాడు. సెలవు ఇచ్చేవాడెవడూ ముందు లేచి వెళ్ళి తలుపు గడియ వెయ్యడు.

"ఎక్కడికి సార్?"

"మీ క్రీట్ దీవికే. సైకిల్ మీద. ఒంటరిగా."

"నాకు సెలవు అక్కర్లేదు."

"నీకు అక్కర్లేదు. వీడికి అవసరం."

చీఫ్ బల్ల మీదుగా ఒక ఫోటో తోశాడు. అందులో కళ్ళజోడు పెట్టుకున్న బొద్దు మనిషి. సీఫిస్ చూడగానే గుర్తుపట్టాడు. స్త్రాతిస్ మందాకిస్, నేవీ రాడార్ ఇంజనీరు. సీఫిస్ కూతురికి చర్చిలో ఒళ్ళంతా నూనె రాసి, పేరు పెట్టి, జ్ఞానతండ్రి అయినవాడు. క్రీట్‌లో ఆ వరసని సింతెక్నోస్ అంటారు, పిలిచేటప్పుడు సింతెక్నే. దాని ముందు అన్నదమ్ముల వరస కూడా దిగదుడుపే.

"నీలికొంగ ముఠా సంగతి నీకు తెలుసు," అన్నాడు చీఫ్. "మన రాడార్ రహస్యాలు ఆ విదేశీ ముఠాకి అమ్ముడవుతున్నాయి. అమ్ముతున్నది మన సర్వీసులోనే ఒకడు. ఆ ఒకడెవరో మీ సింతెక్నోస్ కనిపెట్టాడు. సోమవారం హనియాలో మేజిస్ట్రేటు ముందు పేరు చెప్తానన్నాడు. అన్న మర్నాడే మాయమయ్యాడు."

"దాక్కున్నాడు."

"తెలివైనవాడు. మనలో ఎవర్నీ నమ్మడు, నిన్ను తప్ప. ముఠా కూడా వెతుకుతోంది. వాళ్ళకి ముందు దొరికాడంటే సోమవారం కోర్టులో మనం శవం చేత సాక్షి సంతకం పెట్టించాలి. ఎక్కడున్నాడో నువ్వు ఊహించగలవు. నాకు మాత్రం చెప్పకు. ఈ గోడలకి చెవులుండొచ్చు."

సీఫిస్ ఊహించాడు. పైకి చెప్పలేదు.

బ్రీఫింగ్ చకచకా సాగింది. జుట్టుకి పసుపు రంగు. కాళ్ళకి నున్నగా క్షవరం. పేరు హెంక్, ఊరు హాలండ్, గ్రీకు ముక్క రాదు. సైకిల్ పంపు ఒకటి: పిడి మెలితిప్పి నొక్కితే మత్తు బాణం దూసుకొస్తుంది. సైకిల్ గంట ఒకటి: ప్రమాదం ముంచుకొస్తే రెండుసార్లు కొట్టాలి, లోపలున్న ట్రాన్స్‌మిటర్ కబురు పంపుతుంది.

"దారిలో మార్సెల్లా కలుస్తుంది. ఇటలీ మనిషి. నీలికొంగలో మన తరఫున దూరిన డబుల్ ఏజెంట్. పదేళ్ళుగా పిరెయస్ రేవులోనే కాపురం. చేపల మార్కెట్‌లో దెబ్బలాడి గెలవగలదు. 'ఈ దారిలో నీళ్ళు దొరుకుతాయా' అని అడుగుతుంది. 'దొరుకుతాయి, మేకలు తాగాక' అని నువ్వనాలి. ఈ మాటలు ముగ్గురికే తెలుసు. నాకు, నీకు, ఆమెకి."

సీఫిస్ గంటని గిర్రున తిప్పి చూశాడు. చాలా బాగా మోగింది.

* * *

సైకిల్ మీద సెలవు అనేది చూసేవాళ్ళకే హాయి. రెథిమ్నో ఊరు దాటగానే దారి గోడెక్కినట్టు నిలువునా లేచింది. ఆలివ్ తోటలు, నారింజ బుట్టలు, తుపాకీ గుళ్ళకి తూట్లుపడ్డ రోడ్డు బోర్డులు. మామూలు యాత్రికుడైతే ఆగి ఫోటోలు తీసుకుంటాడు. సీఫిస్ మాత్రం ఆగిన చోటల్లా వెనక్కి చూశాడు.

తెల్ల వ్యాన్ ఒకటి పొద్దున్నే దాటింది. దీవిలో తెల్ల వ్యాన్లకి కొదవ లేదు గానీ, కుడి అద్దం పగిలిన వ్యాన్ మధ్యాహ్నం మళ్ళీ ఎదురైంది, సాయంత్రం పెట్రోలు బంకు దగ్గర నిలబడి ఉంది. పిక్కలు గుమ్మడికాయల్లా ఉన్న జర్మన్ ఒకడు అతని వెనకే చాలా దూరం తొక్కి, ఉన్నట్టుండి పక్కదారి పట్టాడు. మోపెడ్ మీద వచ్చిన చర్చి ఫాదర్ ఒకాయన ఆశీర్వదించి వెళ్ళాడు. సీఫిస్ ఆ ఆశీర్వాదాన్ని కూడా అనుమానించాడు.

బేకరీలో తేనె పోసిన జున్ను కజ్జికాయలు చూపించి, వేళ్ళతో లెక్కచెప్పి కొన్నాడు. చిన్నప్పుడు వాళ్ళమ్మ చేసినవే. వాటి పేరు నోటి చివరిదాకా వచ్చింది, మింగేశాడు. రాత్రి బస కోసం ముందుగా ఏమీ మాట్లాడుకోలేదు. ఎవరికీ తెలియకుండా ఒక పల్లెలో చర్చి వెనక గదిలో పడుకున్నాడు.

మర్నాడు అనుమానం ముదిరింది. పెద్ద రోడ్డు వదిలేసి, తోటల మధ్య మట్టిదారిలోకి తిప్పాడు. ఆ దారి కలోహోరి పల్లెకి పోతుంది. దాని పైన కొండ మీద స్త్రాతిస్ మేనమామ వాళ్ళ మితాతో ఉంది. మితాతో అంటే కాపరులు జున్ను కాచుకునే రాతి గుడిసె. ఇద్దరూ కుర్రతనంలో ఒక వేసవంతా అక్కడ మేకల్ని కాశారు. కాశారు అనడం కంటే పారిపోనిచ్చారు అనడం న్యాయం.

కలోహోరిలో ఉన్నది ఒకే హోటలు. ద్రాక్ష పందిరి కింద రెండు బల్లలు, వెనక మేకల దొడ్డి. నడిపేది రొదాంతి అనే ముసలావిడ. కూర్చుని వ్యాఖ్యానం చెప్పేది ఆవిడ మొగుడు జహారియాస్.

"అదుగో, ఇంకోడు ఊడిపడ్డాడు," అన్నాడు జహారియాస్. "ఆ బట్టలు చూడవే. ఒంటికి రంగు పూసుకొచ్చినట్టు."

"బట్టలకేంలే, కాళ్ళు చూడు. ఈకలు పీకిన కోడిలాగా గీకేసుకున్నాడు. వీడి పెళ్ళాం ఎట్టా ఓర్చుకుంటోందో."

"పెళ్ళాముంటే ఈ ఎండలో ఒక్కడే సైకిలు తొక్కుతాడా? తగిలేసుంటుంది."

సీఫిస్‌కి ప్రతి అక్షరం అర్థమైంది. అయినా వెర్రినవ్వు నవ్వి, పొట్ట చూపించుకున్నాడు.

రొదాంతి పెనం నిండా నత్తలు తెచ్చి పెట్టింది. ఉప్పు మీద వేయించి, వెనిగరూ రోజ్‌మేరీ ఆకూ చిలకరించిన నత్తలు. వాసనకే అతని ప్రాణం లేచొచ్చింది. నత్తని తిరగేసి, వెనక చిన్న కన్నం పెట్టి, ముందు నుంచి జుర్రుకోవాలి. ఆ విద్య అతనికి నడక కంటే ముందు వచ్చింది. కానీ హెంక్‌కి రాదు కదా! ఫోర్కు పెట్టి పొడిచాడు. నత్త ఎగిరి జహారియాస్ ఒళ్ళో పడింది.

"పాపం, నత్త కూడా వీడి మాట వినడంలా," అన్నాడు జహారియాస్, దాన్ని జుర్రేసి.

తర్వాత బార్లీ రస్కు. దీవిలో పసివాడికైనా తెలుసు, దాన్ని నీళ్ళతో తడిపి తినాలని. హెంక్ పొడిగానే కొరికాడు. దవడ పన్ను కటుక్కుమంది. దేశం కోసం ప్రాణాలిస్తానని సీఫిస్ ప్రమాణం చేసిన మాట నిజమే గానీ, అందులో పన్ను ఊసు లేదు.

అసలు గండం రాకీ అనే నాటుసారా దగ్గర వచ్చింది. రొదాంతి సీసా ఎత్తి గ్లాసు నింపబోయింది. గ్రీకు దేశంలో వద్దనడానికైనా లేదనడానికైనా నోరు విప్పక్కర్లేదు. గడ్డం పైకి లేస్తుంది, కనుబొమలు ఎగురుతాయి, నాలుక 'త్స్' అంటుంది. అడ్డంగా తల ఊపడం పరాయివాళ్ళ పని. సీఫిస్ గడ్డం దానంతటదే సగం లేచింది. గబుక్కున దాన్ని తుమ్ముగా మార్చేశాడు. గ్లాసు నిండింది, తాగక తప్పలేదు.

అప్పుడే పందిరి ముందు ఎర్ర సైకిల్ ఆగింది.

దిగినామెని చూసి జహారియాస్ లేచి నిలబడ్డాడు. పొడుగ్గా ఉంది. వెండి రంగు జెర్సీ, నల్ల కళ్ళద్దాలు, మెడ మీద చెమట కూడా నగలాగే మెరుస్తోంది. తిన్నగా సీఫిస్ బల్ల దగ్గరికే వచ్చి కూర్చుంది.

"ఈ దారిలో నీళ్ళు దొరుకుతాయా?" అంది ఇంగ్లీషులో.

"దొరుకుతాయి. మేకలు తాగాక."

"హాయ్ హెంక్." నవ్వింది. "రాత్రి ఆ చర్చి వెనక గదిలో దోమలు నిద్రపోనిచ్చాయా?"

సీఫిస్ కూడా నవ్వాడు. కానీ వీపు మీద చల్లటి నీళ్ళు పోసినట్టయింది. ఆ గది సంగతి అతను ఎవరికీ చెప్పలేదు. ఈ మట్టిదారి పట్టబోతున్నానని అతనికే పొద్దున దాకా తెలియదు.

"ముఠా వాళ్ళు దగ్గర్లోనే ఉన్నారు," అంది గొంతు తగ్గించి. "మీవాడు ఎక్కడ?"

"ఈ చుట్టుపక్కలే అనుకుంటున్నా. ఇంకా తేలలేదు."

"నేను తేలుస్తా చూడు."

రొదాంతి అవతల బల్ల మీద చిక్కుడుకాయలు ఒలుస్తోంది. మార్సెల్లా అటు తిరిగి చక్కటి గ్రీకులో అడిగింది. "అమ్మా, లోయలో పాత నీటి మిల్లు ఉందట కదా. అందులో ఎవరో కొత్తాయన ఉంటున్నాడా? మా స్నేహితుడిలే."

రొదాంతి ఆమె వంక తేరిపార చూసింది. చేతిలో కాయ వదల్లేదు, పెదవి విప్పలేదు. గడ్డం పైకి లేచింది, కనుబొమలు ఎగిరాయి. "త్స్." అంతే, చిక్కుళ్ళ పళ్ళెం తీసుకుని లోపలికి పోయింది.

మార్సెల్లా మొహం వెలిగిపోయింది.

"చూశావా? ఉన్నాడట! ముసలిది ఎలా తలెగరేసి ఒప్పుకుందో!"

సీఫిస్ చేతిలో గ్లాసు అలాగే ఆగిపోయింది.

పదేళ్ళు పిరెయస్‌లో కాపురమున్న మనిషి! చేపలమ్మేవాళ్ళూ, బస్సు డ్రైవర్లూ, ఆఫీసు గుమస్తాలూ రోజుకి వందసార్లు మొహం మీద 'త్స్' అని కొట్టి ఉండాలే. ఈమె మాత్రం లేదన్నదాన్ని ఉన్నాడని విన్నది. భాష ఎక్కడో క్లాసులో కూర్చుని నేర్చింది. ఈ దేశంలో పది రోజులు కూడా ఉండి ఉండదు. ఈమె మార్సెల్లా కాదు.

మరి కోడ్ మాటలు ఎలా వచ్చాయి? తెలిసింది ముగ్గురికే. ఒకడు తను. ఒకామె అసలు లేనే లేదు, ఉత్త కల్పన. మిగిలింది తలుపు గడియ వేసిన మనిషి.

అతని చూపు సైకిల్ మీదికి పోయింది. గంట ఎండలో తళతళలాడుతోంది. ఎవరూ కొట్టకపోయినా అది ఏథెన్స్ నుంచీ కబుర్లు చెప్తూనే వస్తోందన్నమాట. తనని పంపింది స్త్రాతిస్‌ని కాపాడటానికి కాదు. స్త్రాతిస్ దాకా దారి చూపించడానికి. తను ఏజెంటూ కాదు, హెంకూ కాదు, మెడలో గంట కట్టి వదిలిన వేటకుక్క. సిగ్గుతోనూ కోపంతోనూ సీఫిస్ చెవులు ఎర్రబడ్డాయి.

"మిల్లేనా?" అన్నాడు మామూలుగా. "నా అనుమానమూ అదే. నువ్వు రోడ్డు మీదుగా వెళ్ళు. నేను అడ్డదారిన దిగుతా. రెండు వైపుల నుంచీ కమ్ముకుందాం."

ఆమె గంట వంక ఒక్క క్షణం చూసి, సరేనంది. మలుపు తిరగకముందే ఫోను చెవికి ఆనించుకుంది.

సీఫిస్ వంటింట్లోకి దూరి, అచ్చమైన క్రీట్ యాసలో అన్నాడు. "పెద్దమ్మా, నత్తలు అదిరిపోయాయి. రోజ్‌మేరీ రవ్వంత ఎక్కువైంది, అంతే."

రొదాంతి చేతిలో గరిటె కింద పడింది. "ఓరి నీ దుంపతెగ! మనవాడివా? అయితే మేం నీ కాళ్ళ గురించి అన్నదంతా..."

"మా ఆవిడ గురించి కూడా. తర్వాత తిట్టుకుందాం. స్త్రాతిస్ పైనేనా?"

ఆవిడ మొహం రాయిలా బిగుసుకుంది. "ఏ స్త్రాతిస్? నువ్వెవరివి?"

"అతని సింతెక్నోస్‌ని. నా బిడ్డకి పేరు పెట్టింది అతనే. ఆ ఆడమనిషి అతన్ని చంపడానికి వచ్చింది."

రొదాంతి అతని కళ్ళలోకి చూసింది. రంగేసిన జుట్టు వెనక ఏం కనిపించిందో గానీ, శిలువ గుర్తు వేసుకుని, వేలితో కొండ పైకి చూపించింది.

"ఆ కుర్రాడికి మేకలు కాయడం రాదు. మా మేకలే వాణ్ణి కాస్తున్నాయి. తొందరగా తీసుకుపో నాయనా."

"ముందు నాకో మేక కావాలి. మిల్లు వైపు పోయేది."

"మా పోతుమేక ఉందిగా. కట్టు విప్పితే చాలు, మిల్లు దగ్గర అంజూరాకులు మేసేదాకా ఆగడు."

సీఫిస్ సైకిల్ గంట విప్పి దాని మెడకి బిగించాడు. పోతుమేక గర్వంగా ఒకసారి తలాడించి, లోయలోకి దౌడు తీసింది.

* * *

మితాతో దాకా సైకిల్ పోదు. సీఫిస్ దాన్ని పొదలో దోపి, పంపు ఒక్కటీ చేతబట్టుకుని ఎక్కాడు. కింద లోయలో తెల్ల వ్యాన్ మిల్లు వైపు దిగుతోంది.

రాతి గుడిసెలో పెద్ద కాగు కింద మంట మండుతోంది. మాసిన గడ్డంతో, చిరిగిన చొక్కాతో స్త్రాతిస్ పాలు కలియబెడుతున్నాడు. గుమ్మంలో నీడ చూసి, చెక్క తెడ్డుని కత్తిలా ఎత్తిపట్టాడు.

"నేనేరా. సీఫిస్‌ని."

"సింతెక్నే!" తెడ్డు వదిలేసి వాటేసుకున్నాడు. ఏడుపు ఆపుకోలేకపోయాడు. "ఆ జుట్టేంట్రా? కాళ్ళకేమైంది?"

"చెప్తా, ముందు పద. ఆ పేరేంటో నాకు తెలిసిపోయింది. పెట్రోపులోస్."

స్త్రాతిస్ మొహం పాలిపోయింది. "అయితే నిన్నెవరు పంపారు?"

జవాబు చెప్పేలోపు బయట రాయి దొర్లింది. టింగుమని గంట మోగింది.

"నీ గంట మర్చిపోయావు హెంక్." గుమ్మంలో మార్సెల్లా. ఎడమ చేతిలో గంట, కుడి చేతిలో పిస్టలు. చెమటకి ఇప్పుడు నగ మెరుపు లేదు. "మేకని చూశాక కొండ పైకి చూశా. ఈ పొగ చాలా దూరం కనిపిస్తోంది. ఇంజనీరు గారూ, గొడవ చల్లారాక జున్ను కాచుకోవాల్సింది."

పిస్టలు స్త్రాతిస్ గుండె వైపు తిరిగింది. సీఫిస్ పంపు పిడి మెలితిప్పి నొక్కాడు. బుస్సుమంది. ఏమీ రాలేదు.

ఆమె పకపకా నవ్వింది. "అందులో బాణం ఉందనుకున్నావా? మీ చీఫ్ అంత అమాయకుడా? అది ఉత్త పంపు. గాలి తప్ప ఏమీ లేదు."

"గాలి ఉందిగా," అన్నాడు సీఫిస్.

పొయ్యి అతని మోకాలి పక్కనే ఉంది. పంపు మూతి బూడిదలో గుచ్చి, ఒంట్లో ఉన్న బలమంతా పెట్టి ఒక్క తోపు తోశాడు. వేడి బూడిద కుప్పంతా లేచి ఆమె మొహం మీద పడింది. పిస్టలు పేలింది. గుండు స్త్రాతిస్ చెవి పక్క నుంచి పోయి రాతిగోడలో దిగింది. రెండో గుండు పేలేలోపు స్త్రాతిస్ తెడ్డు ఆమె మణికట్టు మీద ఠప్పుమంది. కళ్ళు మూసుకుని కొట్టాడు. అయినా తగిలింది.

జున్ను వడగట్టే గుడ్డతో ఆమె చేతులు కట్టేస్తుంటే ఆమె ఫోను మోగింది. సీఫిస్ ఎత్తి చెవికి ఆనించుకున్నాడు.

"పని అయిందా?" అంది పెట్రోపులోస్ గొంతు.

ఆ గొంతుని సీఫిస్ ఏళ్ళ తరబడి సార్ అని పిలిచాడు. లైను కట్ చేసి, 'అయింది. సిగ్నల్ సరిగ్గా లేదు' అని మెసేజ్ పంపాడు.

కింద కలోహోరిలో, మిల్లులో ఎవరూ దొరక్క తిరిగొచ్చిన, కుడి అద్దం పగిలిన వ్యాన్ నాలుగు టైర్లూ నేలకి అతుక్కుని ఉన్నాయి. అందులో వచ్చినవాళ్ళిద్దరూ ద్రాక్ష పందిరి కింద చేతులు పైకెత్తుకుని కూర్చున్నారు. జహారియాస్ ఒళ్ళో వేట తుపాకీ ఉంది.

"పంక్చరు వేయించుకోమంటే వినరేం?" అంటున్నాడు వాళ్ళతో. "మా హెంక్ దగ్గర పంపు కూడా ఉంది."

* * *

సోమవారం పెట్రోపులోస్ నల్ల టై కట్టుకుని హనియా కోర్టుకి వచ్చాడు. సాక్షి ఆచూకీ తెలియనందుకు సర్వీసు తరఫున విచారం ప్రకటించడానికి కాగితం కూడా రాసుకొచ్చాడు. తలుపు తీసేసరికి సాక్షి బోనులో నిలబడి, కళ్ళజోడు తుడుచుకుంటూ పేరు చెప్తున్నాడు. చీఫ్ వెనక్కి తిరిగాడు. గుమ్మానికి అడ్డంగా పసుపు జుట్టు మనిషి ఒకడు నిలబడి ఉన్నాడు.

"సీఫిస్! నిన్ను సెలవు మీద పంపాను కదా!"

"వెళ్ళొచ్చాను సార్. తిండి చాలా బాగుంది."

పోలీసులు చీఫ్‌ని తీసుకుపోయారు. స్త్రాతిస్ కోర్టు మెట్ల మీద కూలబడ్డాడు. సీఫిస్ పక్కన కూర్చుని అతని భుజం మీద చెయ్యి వేశాడు. ఆ భుజం వెచ్చగా, బతికి ఉంది. ఇంకేమీ అక్కర్లేదనిపించింది.

కాసేపటికి స్త్రాతిస్ సంచిలోంచి గుడ్డమూట ఒకటి తీసి విప్పాడు. లోపల బూడిద రంగు తిరిగిన జున్నుముద్ద ఉంది.

"ప్రాణభయంతో వణుకుతూ, నా చేతులతో నేను చేసిన మొదటి జున్ను," అన్నాడు కళ్ళనీళ్ళతో. "మొదటి ముక్క నీదే సింతెక్నే. తిని నిజం చెప్పు."

సీఫిస్ నోట్లో వేసుకున్నాడు. రబ్బరు, ఉప్పు, కాలిన వాసన, వాటి వెనకాల ఎక్కడో మేక. నొప్పి పంటికి అది గట్టిగా అతుక్కుంది. స్త్రాతిస్ చిన్నపిల్లాడిలా అతని మొహంలోకే చూస్తున్నాడు.

"అమృతంలా ఉందిరా," అన్నాడు సీఫిస్. సర్వీసులో చేరినప్పటి నుంచీ అతను శత్రువుల ముందు ఎన్నో అబద్ధాలు ఆడాడు గానీ, ఒక్కదానికీ ఇంత శిక్షణ అవసరం కాలేదు.